బొంగరంలోంచి తెలుగు ఫాంట్ తీయమన్నారు, ఎక్కడ తప్పుతోందో చూడండి

పెన్సిల్‌చెక్కు:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నేను వైజాగ్‌లో లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు చేసుకుంటూ బతుకుతున్నాను. ఇంగ్లిష్ ఫాంట్లు రెండు చేసిన అనుభవం ఉంది గానీ తెలుగు ఫాంట్ మొదలుపెట్టడం ఇదే తొలిసారి. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న కంపెనీ ఒకటి నాకీ పని ఇచ్చింది. వాళ్ల గుర్తు బొంగరం. డబ్బా మీద, ట్యాగు మీద, లోపల పెట్టే కాగితం మీద, ఇన్‌స్టా పోస్టుల్లో, అన్నిచోట్లా వాళ్లకే సొంతమైన అక్షరాలు కావాలట, ఏ అక్షరం చూసినా బొంగరం గుర్తుకు రావాలట. తెలుగు, ఇంగ్లిష్ రెండూ.

సరే అని బొంగరాన్ని పక్క నుంచి ఫొటో తీసి, అంచు గీసి, మూడు ముక్కలు చేసుకున్నాను. పైన చిన్న గుబ్బ, మధ్యలో పొట్ట, కింద మేకు దాకా సన్నబడే మొన. గ్రిడ్ వేసి ఆ మూడింటితోనే అక్షరాలు కట్టుకుంటూ పోయాను, గుబ్బే అన్నిటికీ తలకట్టు. ర, గ, ఠ, సున్న చకచకా వచ్చేశాయి, చూడముచ్చటగా ఉన్నాయి కూడా. ఆ నాలుగూ పంపితే క్లయింటు "ఇదే కావాలి" అన్నారు. అప్పుడే అడ్వాన్స్ తీసుకోవడం నేను చేసిన తప్పు :)

అసలు కథ ఆ తర్వాత. ఝ, ఘ దగ్గరికొచ్చేసరికి లోపల తెల్లదనమే మిగల్లేదు, ఇంకు ముద్దలా ఉన్నాయి. "లక్కబొమ్మలు" అని టైప్ చేస్తే బొంగరం మొనలు కిందికి దిగి వత్తుల్ని పొడుస్తున్నాయి. సున్నని మాత్రం పైనుంచి చూసిన బొంగరంలా గీశాను, కచ్చితమైన వృత్తమే, గీత మందం చుట్టూ 80 యూనిట్లే (ఫాంట్ సాఫ్ట్‌వేర్‌లో కొలత), కొలిచి మరీ పెట్టాను, అయినా పైనా కిందా లావుగా, పక్కల సన్నగా కనిపిస్తోంది. అన్నిటికంటే పరువు పోయిన సంగతి ఏంటంటే, శాంపిల్ ట్యాగు మీద "పాప బొమ్మ" అని ప్రింట్ చేసి తీసుకెళ్తే క్లయింటు వాళ్ల అమ్మగారు కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి "వావ బొమ్మ ఏంటమ్మా?" అని అడిగారు.

గ్రిడ్ వదిలేయమంటారా? వదిలేస్తే బొంగరం పోలిక ఎక్కడి నుంచి తేవాలి?


గంటం:

"పాప" కాస్తా "వావ" అయిందన్నారు చూడండి, జబ్బంతా అక్కడే ఉంది. ప కి పైన సందు ఉంటుంది, వ లో ఆ సందు మూసుకుపోతుంది, తేడా అంతే. మీరు గుబ్బ ముక్కని ఒకే కొలతలో అన్నిటికీ తలకట్టుగా వాడేశారు కదా, అది వెళ్లి ఆ సందులో కూర్చుంది. ప, వ, స, ష ఈ కుటుంబంలో అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే మాట మారిపోతుంది. ముక్కలు అతికించే పద్ధతికి ఆ సంగతి తెలియదు.

ఇంకో పెద్ద చిక్కు ఉంది. బొంగరం లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిరుగుతూ తయారయ్యే వస్తువు, కాబట్టి ఎటు నుంచి చూసినా ఎడమా కుడీ ఒక్కటే. మన లిపిలో సున్నని పక్కన పెడితే అలా నిలువునా మడిస్తే రెండు సగాలూ కలిసే అక్షరం వెతుక్కోవాలి. ర కూడా తలకట్టు పెట్టగానే కుడికి ఒరుగుతుంది. చెయ్యి ఒకచోట మొదలై, చుట్టు తిరిగి, ఇంకోచోట తేలడమే తెలుగు అక్షరం. మీకు ర, గ, ఠ, సున్న బాగా కుదిరాయంటే అవి మొదటి నుంచీ తేలికైనవి కావడం వల్లే, మీ గ్రిడ్ గొప్పతనం కాదు. ఏమీ అనుకోకండి, నేనూ ఇదే గోతిలో పడి లేచినవాణ్ణే.

వస్తువు ఆకారం గుర్తుకు తెచ్చే ఫాంట్లు లేవా అంటే ఉన్నాయి. యూరోస్టైల్ చూడండి. ఇటలీలో నెబియోలో ఫౌండ్రీ (అచ్చక్షరాలు పోసే కంపెనీ) కోసం ఆల్డో నోవారీస్ 1962లో తెచ్చాడు, దానికి ముందు 1952లో పెద్దక్షరాలతో మాత్రమే వచ్చిన మైక్రోగ్రామా ఉంది. దాన్ని చూస్తే ఆ కాలం టీవీ తెరే గుర్తొస్తుంది, నాలుగు పక్కలా కొంచెం ఉబ్బి, మూలలు గుండ్రంగా. కానీ ఏ అక్షరంలోనూ టీవీ బొమ్మ లేదు. వంపు ఎలా ఉండాలనే ఒక్క నిర్ణయం తీసుకుని దాన్ని అక్షరం అక్షరానికీ పాటించాడు, అంతే. ఫ్యూచురా కథ కూడా తెలుసుకోవాల్సిందే. పాల్ రెన్నర్ మొదటి గీతల్లో చిన్న ఏ, జి, ఎమ్, ఎన్, ఆర్‌లకి వృత్తమూ గీతలూ పేర్చినట్టుండే వింత రూపాలు ఉండేవి. 1927లో బావర్ ఫౌండ్రీ అమ్మకానికి పెట్టే నాటికి మామూలు రూపాలే ముందుకొచ్చాయి, ఆ వింతలు పక్కకి జరిగాయి. స్కేలూ కాంపస్‌తో చేసినట్టు కనిపించే ఆ ఫాంట్‌లో కూడా వంపు వెళ్లి నిలువు గీతకి తగిలేచోట మందం తగ్గించాడు, లేకపోతే అక్కడ నల్లమచ్చ పడుతుంది.

మీ సున్న సంగతీ అదే. ఒకే మందం ఉన్న గీత అడ్డంగా ఉంటే కంటికి లావుగా, నిలువుగా ఉంటే సన్నగా కనిపిస్తుంది. పక్కల 80 ఉంటే పైనా కిందా 72, 74 దగ్గర పెట్టి చూడండి. స్కేలు చెప్పేది వినకండి, ప్రింటు తీసి గోడకి అంటించి రెండడుగులు వెనక్కి జరిగి చూడండి.

ఇంతకీ బొంగరంలోంచి ఏం తీసుకోవాలంటే నా లెక్కలో ఒకటే ఉంది, పొట్ట. వృత్తానికి అన్నిటికంటే వెడల్పు సరిగ్గా నడుమ దగ్గర ఉంటుంది. బొంగరానికి నడుము కంటే పైన ఉంటుంది, అక్కణ్ణుంచి కిందికి లాగేసినట్టు సన్నబడుతుంది. మీ అక్షరాల్లోని ప్రతి గుండ్రానికీ ఆ వెడల్పు కాస్త పైకి జరపండి. ఎత్తుని 100 అనుకుంటే 50 దగ్గర ఉండాల్సింది 54, 55 దగ్గర. అంతకు మించి జరిపితే, మనకి అసలే నెత్తిన తలకట్టు బరువు ఉంది కాబట్టి, అక్షరం ముందుకు తూలుతుంది. 54 అంటే వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ నాలుగొందల అక్షర రూపాల్లో అదే వంపు వస్తుంటే కన్ను పట్టేస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మొదట సున్న, ర గీసి మందం తేల్చుకోవడం తప్పు. ఝ, ఘ, ఋ ముందు గీయండి. చిన్న సైజులో ఝ లోపల వెలుతురు ఎంత మిగులుతుందో అదే మీ ఫాంట్ మందానికి హద్దు.


కొప్పాక‌కుర్రోడు:

మాది ఏటికొప్పాక పక్కూరే. మా మావయ్య ముప్పయ్యేళ్లు ఆ లేత్ మీదే పని చేశాడు. నాకు ఫాంట్లు రావు గానీ బొంగరం గురించి మాత్రం చెప్పగలను అక్కా.

మీరు ఫొటో తీసి అంచు గీశారన్నారు కదా, ఆ అంచు ఏ రెండు బొంగరాలకీ ఒకలా ఉండదు. అంకుడు కర్ర ముక్క లేత్‌కి బిగించి తిప్పుతుంటే ఉలి ఆనించి కంటి అంచనాతోనే లాగుతారు. పొట్ట ఎక్కడ రావాలో చేతికి తెలుసు, కాగితం మీద కొలత ఉండదు. ఆ తర్వాత లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి అదిమి పెడతారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, బ్రష్షూ లేదు గిష్షూ లేదు. చివర్లో మొగలి ఆకు మడిచి నొక్కి పట్టుకుంటే ఆ మెరుపు వస్తుంది. చిన్నప్పుడు ఆ ఆకు పట్టుకోమని నాకిచ్చేవాడు, వేళ్లు కాలేవి.

రంగు రంగుకీ మధ్య సన్నటి గాడి ఉంటుంది చూడండి, ఉలి మొనతో అలా ఆనించి తీసేస్తారు. ఎరుపు పసుపులోకి పాకకుండా ఆ గాడే ఆపుతుంది. నన్నడిగితే బొంగరంలో అందం అదే. పొట్ట అయితే చెంబుకీ ఉంటుంది.


గంటం:

తమ్ముడూ, ఆ గాడి మాట బంగారం. పెన్సిల్‌చెక్కు గారూ, మీ ప/వ గొడవకి మందు దొరికింది. తలకట్టుని అక్షరానికి అతికించకుండా ఆ గాడి అంత సన్నటి తెల్ల సందు వదిలి కూర్చోబెట్టండి. వ దగ్గర, మ దగ్గర కలవాల్సినచోట మాత్రమే కలపండి. అప్పుడు ప లో సందు బొంగరం మీది గాడిలానే ఉంటుంది, చదవడానికీ అడ్డం రాదు. కాకపోతే ఆ సందు చిన్న సైజులో పూడిపోతుంది. లోపలి కాగితానికి ఇంకాస్త వెడల్పు సందుతో ఫాంట్‌కి రెండో రూపం చేసుకోవాల్సి రావచ్చు.


షార్ట్‌కట్‌శీను:

ఇంత తలనొప్పి ఎందుకు బ్రో. గూగుల్ ఫాంట్స్‌లో బాలూ తమ్ముడు ఉంది, అనేక్ తెలుగు ఉంది, రామభద్ర ఉంది. ఒకటి దించుకుని నాలుగు వంపులు మార్చి పేరు మార్చి ఇచ్చేయ్. క్లయింటుకి ఏం తెలుస్తుంది.


గంటం:

క్లయింటుకి తెలియకపోయినా లైసెన్సుకి తెలుస్తుంది శీనూ. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవి. మార్చుకోవచ్చు, అమ్మే వస్తువు మీద వాడుకోవచ్చు, కానీ మార్చిన ఫాంట్‌ని కూడా అదే లైసెన్స్ కింద ఉంచాలి. అంటే "ఇది మీకు మాత్రమే సొంతం" అని రాసిచ్చే వీలు లేదు. వీళ్లు అడుగుతున్నదే సొంతం కావాలని. వాటిని తెరిచి వత్తులు ఎక్కడ కూర్చోబెట్టారో, ఎన్ని రూపాలు గీశారో చూసి నేర్చుకోవడం మాత్రం తప్పకుండా చేయండి, నేను నేర్చుకున్నది అలాగే.


బోర్డుల‌బాబాయ్:

నేను ముప్ఫై ఏళ్లు షాపు బోర్డులు రాశాను, ఫ్లెక్సీలు వచ్చాక మానేశాను, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, క్షమించాలి.

వీళ్లకి ఫాంట్ ఎందుకమ్మా? కంపెనీ పేరు, ఓ పది బొమ్మల పేర్లు, ఇవి చేత్తో గీసిస్తే చాలదూ? పేరు వరకు బొంగరంలా ఎంత ఆటైనా ఆడొచ్చు. లోపలి కాగితంలో "లక్క వేడికి కరుగుతుంది, ఎండలో పెట్టకండి" అని రాయడానికి బొంగరాలు దేనికి? దానికి మామూలు ఫాంట్ ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. బోర్డు మీద కూడా అంతే చేసేవాళ్లం. పేరుకి రంగులూ నీడలూ, "ప్రొప్రయిటర్" దగ్గరికొచ్చేసరికి సాదా.

ఇంకో సంగతి, మీరు సున్నని బొంగరంలా చేశానన్నారు. "బొంగరం" అన్న మాటలో రెండు సున్నలున్నాయి కాబట్టి అక్కడ భలే ఉంటుంది. కానీ తెలుగులో ఎన్ని మాటలు సున్నతో ఆగుతాయో ఒక్కసారి లెక్కపెట్టండి. పుస్తకం, ఆనందం, బహుమానం, అందం. ఒక పేరా రాస్తే పేజీ నిండా బొంగరాలు దొర్లుతుంటాయి, చదివేవాడి కళ్లు తిరుగుతాయి. పైగా మేకుకి గుర్తుగా మధ్యలో చుక్క గానీ పెట్టారా, అది ఠ కి తమ్ముడైపోతుంది.


పెన్సిల్‌చెక్కు:

బాబాయ్ గారూ, చుక్క పెట్టాను :( ఇప్పుడే తీసేశాను.

ఫాంట్ ఎందుకన్నారు కదా, నేనూ అదే అడిగాను. వాళ్లకి నెలనెలా కొత్త బొమ్మలు వస్తాయి, ప్రతిసారీ నా చుట్టూ తిరగకుండా వాళ్ల ఆఫీసు పిల్లలే టైప్ చేసుకోవాలంటున్నారు. అందులో న్యాయం ఉంది. లోపలి కాగితం మాత్రం ఈ ఫాంట్‌లో వద్దని ఒప్పించాను.


వత్తుల‌రాయుడు:

సున్న బొంగరాన్ని పారేయక్కర్లేదు. మామూలు సున్ననే డిఫాల్ట్‌గా ఉంచి బొంగరం సున్నని ఎస్ఎస్01 అనే, కావాలన్నప్పుడే ఆన్ చేసుకునే స్టైలిస్టిక్ సెట్‌లో పెట్టండి. లోగోలో, డబ్బా మూత మీద ఆ సెట్ ఆన్ చేసుకుంటారు, మిగతా చోట్ల దాని జోలికి పోరు. ఆఫీసు పిల్లలకి ఎక్కడ నొక్కాలో ఒక స్క్రీన్‌షాట్ ఇస్తే చాలు.

ఇక వత్తుల గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను, పేరే అది మరి. గ్గ, డ్డ, చ్చ లాంటివాటికి వత్తు అంటే ఇంచుమించు తలకట్టు తీసేసిన అక్షరమే, చిన్నది చేసి కింద పెడితే అయిపోతుందనుకుంటాం. అవదు. 60 శాతానికి కుదిస్తే 80 యూనిట్ల గీత 48 అవుతుంది, పైన లావు మనిషి, కింద ఎముకల గూడు. కుదించాక మందం మళ్లీ పెంచి గీయాలి, కనీసం 65 దాకా. త, న, మ, య, ర, ల వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు, వాటిని విడిగా డిజైన్ చేయాలి, మీ పొట్ట వంపు వాటిలోకి కూడా రావాలి. "లక్కబొమ్మలు" ఒక్క మాటలోనే రెండు రకాలూ తగులుతాయి. క్క వత్తు అక్షరం కిందికి దిగుతుంది, మ్మ వత్తు కుడి పక్కకి వేలాడుతుంది. మీరు మొన కిందికి దించితే గుచ్చుకోక ఏం చేస్తుంది? అక్షరం అడుగు భాగం మొన కాకూడదు, గిన్నె అడుగులా ఉండాలి. మొన కావాలనుకుంటే వత్తు చివర, కొమ్ము చివర పెట్టుకోండి, గీత అక్కడ ఎలాగూ సన్నబడొచ్చు.

టెస్ట్‌కి "బొమ్మ, బొంగరం" మాత్రమే కాకుండా రాష్ట్రం, శాస్త్రి, జ్యోత్స్న, లక్ష్మి, ఐశ్వర్యం టైప్ చేయండి. రాష్ట్రంలో వత్తు కింద వత్తు పడుతుంది, దాన్ని బట్టే లైన్ల మధ్య ఎడం తేలుతుంది. ఫాంట్ ఫైల్లో కింది హద్దు తక్కువ పెడితే కొన్ని యాప్‌లలో ఆ రెండో వత్తు సగానికి తెగిపోతుంది.

ఇంగ్లిష్ జతకి ఒక మాట. తెలుగులో చదునుగా నేల మీద కూర్చునే అక్షరాలు దాదాపు లేవు, అన్నీ గుండ్రమే, కాబట్టి గుండ్రాన్ని గీత కిందికి కాస్త దించాలన్న సంగతి తెలుగు ఒక్కటే చేస్తున్నప్పుడు మనకి తట్టదు. పక్కన ఇంగ్లిష్ ఈ, హెచ్, టి వచ్చి చదునుగా నిలబడేసరికి మీ తెలుగంతా గాల్లో తేలినట్టు కనిపిస్తుంది. అక్షరం కూర్చునే చట్రాన్ని ఎమ్ అంటారు, వెయ్యి యూనిట్ల ఎమ్‌లో 10 నుంచి 15 యూనిట్లు కిందికి దించి చూడండి.

ఇది కూడా చెప్పి వదిలేస్తాను. ఫొటోషాప్‌లో (పాత వెర్షన్లయితే) వరల్డ్-రెడీ లేఅవుట్, ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోయి కనిపించొచ్చు. అప్పుడు తప్పంతా మీ ఫాంట్‌దే అనుకుని రాత్రంతా కూర్చోకండి. మా వైపు ప్యాకింగ్ ప్రింటర్లు చాలామంది ఇంకా పేజ్‌మేకర్, 'అను' అనే పాత తరం ఫాంట్ల మీదే ఉన్నారు, వాళ్లకి ఫాంట్ ఇవ్వకుండా అక్షరాల్ని అవుట్‌లైన్ చేసిన (బొమ్మగా మార్చిన) పీడీఎఫ్ ఇవ్వండి.


పెన్సిల్‌చెక్కు:

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను.

గ్రిడ్ తీసి పారేశాను. ఝ తో మొదలుపెట్టాను, మందం 80 నుంచి 66కి దిగింది. పొట్ట 55 దగ్గర పెడితే నిజంగానే తూలింది, 53 దగ్గర ఆగాను. తలకట్టు కింద గాడి సందు 22 యూనిట్లు. ప, వ పక్కపక్కన పెట్టి ట్యాగు సైజులో ప్రింట్ చేసి ఆ అమ్మగారికే చూపించాను. ఈసారి కళ్లజోడు లేకుండానే "పాప బొమ్మ" అన్నారు, పక్కనే ఉన్న "వాన" కూడా తప్పు లేకుండా చదివారు.

క్లయింటు మాత్రం మొదట మొహం ముడుచుకున్నారు. "బొంగరం ఎక్కడుందండీ ఇందులో?" అన్నారు. నేనేమీ వాదించలేదు, "లక్కబొమ్మలు" అని పెద్దగా ప్రింట్ తీసి, పక్కన వాళ్ల బొంగరమే నిలబెట్టి వెళ్లిపోయాను. సాయంత్రం ఫోన్ చేసి "ల పొట్ట కనిపిస్తోంది, కింద సన్నబడటం కూడా" అన్నారు. మూత మీద బొంగరం సున్న ఎస్ఎస్01లో ఉందని తెలిశాక ఇంకా శాంతించారు. దాన్ని ఒక్క మూత మీదే వాడతామని మాటిచ్చారు గానీ నిన్న వాళ్ల ఇన్‌స్టాలో ఒక పోస్టు నిండా అవే దొర్లుతున్నాయి, బాబాయ్ గారు చెప్పినట్టే.

కొప్పాక‌కుర్రోడు తమ్ముడూ, రంగుల గాడి చూడ్డానికి మొన్న ఆదివారం ఏటికొప్పాక వెళ్లొచ్చాను. ఉలి ఆనించిన చప్పుడు వినిపించేలోపే గాడి పడిపోతోంది. నేను దానికి 22 యూనిట్లు పెట్టాలా 24 పెట్టాలా అని రెండు రాత్రులు కూర్చున్నాను.

ఇంకా ఝ కుదరలేదు. 66 మందంలో కూడా ట్యాగు సైజుకి వచ్చేసరికి లోపల మసకేస్తోంది. బొమ్మల కంపెనీకి ఝ ఎక్కడ తగులుతుందిలే, చివర్లో చూద్దాం అనుకున్నాను. నిన్న వాళ్ల కొత్త సరుకు లిస్టు వచ్చింది, మొదటి లైన్లోనే "లక్క ఝుంకాలు" అని ఉంది.